కుక్కపిల్ల వచ్చేలోగా తేలాల్సిన సంగతి

మార్చి 2, సోమవారం

ఇవాళ భోజనాల దగ్గర మళ్లీ కుక్కపిల్ల మాట ఎత్తారు. తల్లీకూతుళ్లు ముందే కూడబలుక్కున్నారని వినగానే తెలిసిపోయింది. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు అందుకుంటున్నారు. ఎవరో రిటైరైన నర్సుగారట, రోడ్డుమీద వదిలేసిన కుక్కపిల్లల్ని తెచ్చి సాకుతుందట, అని మా ఆవిడ. "అయిదున్నాయి నాన్నా, ఫోటో కూడా పంపింది" అని మా అమ్మాయి. ఆ ఫోటో ఎప్పుడొచ్చింది, ఎవరి ఫోన్‌కొచ్చింది, నేను ఇంట్లో లేనప్పుడు ఎన్ని మంతనాలు జరిగాయి? పదేళ్ల పిల్లని కూడా జట్టులో చేర్చుకుంది మహాతల్లి.

మా కుక్క దొర పోయి ఇరవై ఆరు రోజులే అయింది. పదకొండేళ్లు ఈ ఇంట్లో నిజంగా దొరలాగే బతికాడు. ఇంత తొందరేమొచ్చింది వీళ్లకి? కాలిపోయిన దుకాణానికి మర్నాడే సున్నం వేయించేవాణ్ణి ముందు అనుమానించాలని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఇరవై రెండేళ్లుగా బీమా కంపెనీ సర్వేయర్‌ని. ప్రమాదం జరిగిన చోటికల్లా వెళ్లి, కొలతలు తీసి, వాంగ్మూలాలు రాసుకుని, తప్పెవరిదో తేల్చి రిపోర్టు ఇస్తాను. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ తేల్చాను కానీ నా ఇంట్లో జరిగినదానికి ఇంతవరకూ ఒక్క కాగితం లేదు.

అదే చెప్పాను. "ఫిబ్రవరి నాలుగో తేదీ పొద్దున గేటు తెరిచి వదిలేసిందెవరో తేలేదాకా ఈ ఇంట్లోకి ఇంకో కుక్క రాదు."

మా ఆవిడ పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది. అమ్మాయి గ్లాసెత్తి నీళ్లు తాగింది. దాహమేసి తాగినట్టు లేదు.

నేనైతే వేశాను. ఎనిమిదీ పదికి స్కూటర్ బయటికి తీసి, గేటు వేసి, పై కొక్కెం తగిలించి మరీ వెళ్లాను. కొక్కెం పడిన చప్పుడు కూడా విన్నాను.

మార్చి 3

గేటు వేశాను.

మార్చి 4, బుధవారం

విచారణ మొదలుపెట్టాను. ముందు పక్కింటి దర్జీ. అతని కొట్టు షట్టర్‌కీ మా గేటుకీ మధ్య ఆరడుగులు కూడా ఉండదు. దొర అతని ఖాతాదారుల మీద మొరిగేవాడని ఏడాదిగా గొణుగుతూనే ఉన్నాడు. అంటే కారణం ఉంది, అవకాశమూ ఉంది.

చొక్కా బొత్తాలు కుట్టించే వంకతో వెళ్లి మెల్లగా కదిపాను.

"ఆ రోజా సార్? నేను ఎనిమిదిన్నరకి షట్టర్ ఎత్తాను. అప్పటికే మీ గేటు బార్లా తీసుంది. మీ స్కూటర్ అప్పుడే మలుపు తిరుగుతోంది."

"నేను వెళ్లింది ఎనిమిదీ పదికి."

"ఏమో సార్. నేను చూసినప్పుడు మీ వీపే కనబడింది. ఫోన్ మాట్లాడుతున్నారు, మెడ ఇలా వంచి."

మెడ ఎలా వంచానో చేసి చూపించాడు కూడా. అడగకుండానే ఇన్ని వివరాలు చెప్పేవాణ్ణి నమ్మకూడదు. అతని గోడ గడియారం చూశాను, నా వాచీతో పోల్చాను. ఒక్క నిమిషం తేడా కూడా లేదు. అయినా మనుషులు గడియారం చూసి మాట్లాడరు, తోచింది మాట్లాడతారు. దర్జీ పేరు జాబితాలోంచి తీసేయలేదు. బొత్తాలు మాత్రం గట్టిగా కుట్టాడు.

మార్చి 7, శనివారం

విచారణ ఒక పక్క జరుగుతుంటే కుక్కపిల్లల్ని చూసి రావడంలో తప్పేముందని మా ఆవిడ. చూడ్డం వేరు, తేవడం వేరు అని ముందే చెప్పి బయల్దేరాను.

నర్సుగారిల్లు ఊరి చివర. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేతులు సబ్బుతో కడిగి కడిగి తెల్లబడిపోయాయి. వెనక గదిలో పాత స్నానాల తొట్టి, అందులో దుప్పట్లు, దుప్పట్లలో అయిదు పిల్లలు. ఫినాయిల్ వాసనా పాల వాసనా కలిసి కొడుతున్నాయి. అన్నీ చక్కగా సర్ది ఉన్నాయి. మేం వస్తున్నామని సర్దిందా, రోజూ ఇలాగే ఉంటుందా?

"ఎన్ని వారాలవి?"

"ఏడు."

"పుట్టినప్పుడు మీరు చూశారా?"

"లేదు బాబూ. పళ్లు చూసి చెబుతున్నాను. మీరూ చూసుకోండి."

చూశాను. ఒక్కోదాన్ని ఎత్తి పళ్లు, చెవులు, పొట్ట, తోక కింద, అరికాళ్లు. నల్లది తుమ్మింది, రాసుకున్నాను. పొట్ట ఉబ్బిన దానికి నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో అడిగితే చీటీ తీసి చూపించింది. చీటీ మీద సిరా కొత్తగా ఉందేమోనని వెలుతురులో పెట్టి చూస్తే నర్సుగారు నవ్వాపుకుంది. చెవుడేమైనా ఉందేమోనని వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. నాలుగు తిరిగి చూశాయి, గోధుమరంగు ఆడపిల్ల తిరగలేదు.

"దీనికి చెవుడుంది. ఆ మాట దాచారు."

"చెవులు బాగానే ఉన్నాయి బాబూ. మిమ్మల్ని లెక్కచేయలేదంతే" అంది. తర్వాత పాల గిన్నె మీద చెంచాతో చిన్నగా తట్టింది. అన్నిటికంటే ముందు అదే పరిగెత్తింది.

మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వింది. నెలరోజుల తర్వాత ఆమె నవ్వు వినడం. నా మీద నవ్వినా బాగుందనిపించింది, అది ఒప్పుకోవాలి.

అమ్మాయి నేలమీద కూలబడిపోయింది. ఆ లెక్కచేయనిది తొట్టి అంచు దాటి, దొర్లి, లేచి, తిన్నగా వెళ్లి దాని ఒళ్లో ఎక్కి మోచేతి వంపులో ముక్కు దూర్చి నిద్రపోయింది. అరగంట మా అమ్మాయి కదలలేదు. కాలు తిమ్మిరెక్కి మొహం వంకర్లు పోతున్నా కదలలేదు. "నాన్నా, ఇది" అంది. పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదు, నిద్ర లేస్తుందేమోనని.

నేను ఒక ప్రశ్న అడిగితే నర్సుగారు రెండడిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి, గేటు కింద ఎంత సందుంది. చివరికి చేత్తో రాసి నకళ్లు తీయించిన కాగితం ఒకటిచ్చింది, పద్నాలుగు ప్రశ్నలు. అవి నింపాక ఇంటికొచ్చి చూస్తుందట, ఆ తర్వాతే పిల్లనిస్తుందట. నన్నే అనుమానిస్తోంది! అయినా పద్ధతి తెలిసిన మనిషి. నాకు నచ్చింది.

మార్చి 8

కాగితం నింపాను. పదమూడింటికి జవాబులు రాశాను. తొమ్మిదోది: "ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా పోయింది? ఎవరి వల్ల?" విచారణ పూర్తి కాలేదు కాబట్టి ఖాళీగా ఉంచాను. తేలనిదాన్ని తేలినట్టు రాయడం నా వృత్తిలో లేదు.

మార్చి 9, సోమవారం

మా ఆవిడ వాంగ్మూలం తీసుకున్నాను. పద్ధతిగానే అడిగాను. బల్లకి అటు ఆవిడ, ఇటు నేను, మధ్య కాగితం.

"ఎనిమిదింటి నుంచి ఎనిమిదీ నలభై వరకూ ఎక్కడున్నావు?"

"పెరట్లో. బట్టలు ఉతుకుతున్నాను. మీకు తెలీదా?"

"నాకు తెలిసింది కాదు, నువ్వు చెప్పేదే రాయాలి. గేటు చప్పుడు విన్నావా?"

"మీరు రెండోసారి వెళ్లాక ఏ చప్పుడూ వినలేదు. ఎవరో మెయిన్ రోడ్డు మీంచి అరిచాక పరిగెత్తాను. గేటు తీసే ఉంది. దొర..."

అక్కడ ఆగిపోయింది. నేనూ రాయడం ఆపాను. కూరగాయల వ్యాన్, ఎనిమిదీ నలభై. ఆ భాగం నాకు తెలుసు, రాయక్కర్లేదు.

తర్వాత కాగితం శుభ్రంగా తిరగరాసి సంతకానికిచ్చాను. చదివి తల ఎత్తింది.

"'రెండోసారి' అన్న మాట ఏదీ?"

"దానికీ దీనికీ సంబంధం లేదు. అనవసరమైనవి తీసేస్తాం."

"తీసేస్తారా?"

"పెరటి తలుపు దగ్గర్నుంచి గేటు కనబడుతుంది కదా. అప్పుడొక్కసారి చూసుంటే సరిపోయేది. చూడలేదు. అదైనా ఒప్పుకో."

ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని ఇంటికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు మీరు. నేను సంతకం పెట్టను" అని వెళ్లిపోయింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. తప్పు లేనివాళ్లకి ఇంత కోపమెందుకు?

మార్చి 10

నిజమే, కొలతలు తీసే టేపు మర్చిపోయి వెనక్కి వచ్చాను. రెండు నిమిషాలు. లోపలికెళ్లి తీసుకుని వెళ్లిపోయాను. రికార్డులో పెట్టాల్సినంత విషయం కాదు.

మార్చి 12, గురువారం

ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. చెప్పాల్సింది ఉంటే అమ్మాయితో చెప్పిస్తోంది. "నాన్నా, పాలు చల్లారిపోతున్నాయంట." "నాన్నా, ఇస్త్రీ బట్టలు తెచ్చుకోమంది." పాపం, ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా తపాలా నడుపుతోంది.

మాటలు లేకపోయినా కుక్కపిల్లకి ఏర్పాట్లు మాత్రం ఆగలేదు. చెప్పుల స్టాండు ఎత్తు మీదికెక్కింది. టీవీ వెనక తీగలన్నీ గొట్టంలో దూర్చాను. ఎలుకల మందు తీసి పారేశాను. గేటు కింద నాలుగు వేళ్ల సందుంటే ఇనుప జాలీ కట్టాను. ఆవిడ పాత దుప్పట్లు ఉతికి, చింపి, అంచులు మడిచి కుట్టింది. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఒకే కుక్కకి ఇద్దరం ఇల్లు కడుతున్నాం. నలుగురు చూస్తే నవ్విపోతారు.

సాయంత్రం వరండాలో ఫోన్‌లో వాళ్ల చెల్లెలితో మాట్లాడుతోంది. నేను రాగానే గొంతు తగ్గించింది. "కొన్నాళ్లు మీ ఇంటికొస్తాను, ఇక్కడ ఊపిరాడట్లేదు" అన్నది మాత్రం వినబడింది. పుస్తకం తెరిచి పెట్టుకుని అమ్మాయి కూడా వింటోంది. చాలాసేపు ఒకే పేజీలో ఉంది.

భయమేసింది. ఇక్కడ రాసుకుంటే తప్పులేదు, భయమేసింది.

మార్చి 13, శుక్రవారం

తేలిపోయింది.

బడి నుంచి రాగానే అమ్మాయి నా ఎదురుగా నిలబడింది. సంచీ కూడా దించలేదు.

"నాన్నా, గేటు నేనే తీశాను. గోడ మీద పిల్లి ఉంటే చూద్దామని తీశాను. వేయడం మర్చిపోయాను. అమ్మ కాదు."

"ఎన్నింటికి?"

"నువ్వు వెళ్లాక."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"తిడతావని."

తిట్టలేదు. నేను మంచి తండ్రిని, తిట్టలేదు. వాంగ్మూలం రాసుకున్నాను, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. అయితే తప్పుకి ఫలితం ఉండాలి, లేకపోతే పిల్లలకి బాధ్యత ఎలా తెలుస్తుంది? కాబట్టి కింద రెండు వాక్యాలు చేర్చాను: కొత్త కుక్కపిల్లని ఎంచుకోవడంలో ఆమె మాట ఉండదు. ఆర్నెల్లు పెద్దవాళ్లు చెప్పకుండా దాన్ని ముట్టుకోకూడదు. చదివి వినిపించాను. "సరే" అంది. దాని కింద ఇంకో సంతకం.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి అంతా చూసింది. చెల్లెలింటికి వెళ్తానన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

కడుపునిండా తిన్నాను. నెలరోజుల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. కేసు ముగిసింది.

మార్చి 14

గేటు పై కొక్కెం ఆ పిల్లకి అందుతుందా? మునివేళ్ల మీద నిలబడితే అందుతుందేమో. పిల్ల ఎత్తు నాకు కచ్చితంగా తెలియదు. టేపు సంచీలోనే ఉంది. కొలవలేదు.

మార్చి 15

తొమ్మిదో ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చున్నాను. "మా అమ్మాయి వల్ల" అని రాయాలి. పెన్ను సరిగ్గా రాయలేదు. ఇంకో పెన్నూ అంతే.

మార్చి 17, మంగళవారం

ఇవాళ ఒక బేకరీలో మంట కేసు. గోడ నల్లబడింది, పొయ్యి గది పైకప్పు సగం కూలింది, మనుషులకేం కాలేదు. బేకరీ యజమాని పిండి డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. నేను సంచీ దించకముందే, "నేనే సార్. బర్నర్ ఆపకుండా బయటికెళ్లాను" అన్నాడు.

ఇలా ఎవరూ అనరు. నా ఉద్యోగంలో ఇంత తేలిగ్గా అన్నవాణ్ణి చూడలేదు. ఎవర్నో కాపాడుతున్నాడనుకున్నాను. పనివాళ్లెవరున్నారు, తాళం ఎవరి దగ్గరుంటుంది, పొగ మొదట ఎవరు చూశారు, అటు తిప్పి ఇటు తిప్పి మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే మాట.

"ఒప్పుకున్నా నమ్మరా సార్?" అన్నాడు చివరికి, విసుగ్గా.

"ఎందుకొప్పుకుంటున్నారు? మీకు నష్టం కదా."

"పొయ్యి దగ్గర సాయముండే మా అబ్బాయి మీదకి నెట్టొచ్చు సార్. వాడు నమ్మేస్తాడు కూడా. రేపట్నుంచి పొయ్యి దగ్గరికి రావాలంటే చేతులు వణుకుతాయి వాడికి. నేను చేసినదానికి వాడి చేతులు వణకడమెందుకు?"

నాకెందుకో ఒళ్లు మండిపోయింది. కొలతలు సరిగ్గా తీసుకోకుండానే వచ్చేశాను. రేపు మళ్లీ వెళ్లాలి.

ఇంటికొస్తే అమ్మాయి మూలన కుక్కపిల్ల పడక సర్దుతోంది. దుప్పటి పరిచి, చేత్తో సాపు చేసి, నన్ను చూడగానే చేయి వెనక్కి తీసుకుంది. "పడక ముట్టుకోవచ్చు కదా నాన్నా? అది ఇంకా రాలేదు కదా" అంది.

"ముట్టుకోవచ్చు" అన్నాను.

మార్చి 18

మా ఆవిడ మాట్లాడింది, ఒకే ఒక్క మాట. "ఇరవై రెండేళ్ల సర్వీసు కదా, పిల్ల మొహం చూసి నిజమేదో చెప్పలేరా?" జవాబు కోసం ఆగలేదు. కావాలనే ఆగలేదనిపించింది.

మార్చి 20, శుక్రవారం

నర్సుగారు ఇల్లు చూడ్డానికొచ్చింది. బుట్టలో ఆ లెక్కచేయనిదాన్ని కూడా తెచ్చింది, ఇల్లు పిల్లకి నచ్చాలి కదా అని. తీగలు చూసింది, జాలీ లాగి చూసింది, వంటింటి అలమర తలుపులు తీసి వేసింది. బాగుందంది. అప్పుడు నేనందించిన ప్రశ్నల కాగితం చూసింది.

"తొమ్మిదోది ఖాళీగా వదిలేశారేం?"

నేను గొంతు సవరించుకునేలోగానే మా అమ్మాయి అంది: "నా వల్లే పోయింది. గేటు నేను తెరిచి వదిలేశాను."

బడిలో అప్పజెప్పిన పాఠంలా చెప్పింది. నర్సుగారు కుక్కపిల్లని బుట్టలోంచి దించింది. అది గది మధ్యలో కాసేపు తడబడి, మా అమ్మాయిని గుర్తుపట్టి, తోకా నడుమూ కలిపి ఊపుకుంటూ పరిగెత్తింది. మా అమ్మాయి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. కుక్కపిల్ల దాని పాదాలు నాకుతోంది. అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎత్తుకోమ్మా."

"నేను ముట్టుకోకూడదు. సంతకం పెట్టాను."

గదిలో నలుగురం ఉన్నాం. ఆ నలుగురిలో మాట్లాడాల్సింది నేను.

"పదేళ్ల పిల్ల గేటు తీసిందే అనుకోండి. మీరెక్కడున్నారు బాబూ అప్పుడు?" అంది నర్సుగారు.

"ఆఫీసుకి బయల్దేరాను. ఎనిమిదీ పదికి" అన్నాను.

మా ఆవిడ లేచి లోపలికెళ్లిపోయింది.

నర్సుగారు నిట్టూర్చింది. ఆదివారం పిల్లని ఇస్తానంది. కానీ ఒక షరతు: ఏడాది నిండేదాకా కుక్కపిల్లని ఈ పాపతో ఒంటరిగా వదలకూడదు, గేటు దగ్గరికి పాపని పంపకూడదు. కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. ఈసారి పెన్ను బాగానే రాసింది. సంతకం పెట్టాను.

మార్చి 21, శనివారం

రిపోర్టు.

ఫిబ్రవరి నాలుగు. ఎనిమిదీ పదికి వెళ్లాను. గేటు వేశాను, కొక్కెం పెట్టాను, ఆ చప్పుడే విన్నాను. ఇది నిజం. సగం దూరం వెళ్లాక టేపు లేదని గుర్తొచ్చింది. వెనక్కి వచ్చాను. ఎనిమిదీ ఇరవై అయిదు. టేపు తీసుకుంటుంటే మేనేజర్ ఫోన్. ఆలస్యమైందని అరుస్తున్నాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో టేపు, ఒక చేత్తో తాళం చెవి, బయటికొచ్చి స్కూటర్ ఎక్కాను. గేటు వేయలేదు. మూడో చేయి లేదు కదా అని కూడా అనుకున్నాను, అప్పుడే, అక్కడే. వేయలేదని తెలిసే వెళ్లాను. దర్జీ గడియారం సరైనదే.

మలుపు దగ్గర వెనకాల మొరుగు వినబడింది. దొర మొరుగు నేను గుర్తుపట్టలేనా? నా వెనకే వస్తున్నాడు. ముసలికాళ్లతో, ఒక కన్ను మసక. ఆపి, దిగి, ఇంటికి తోలి, గేటు వేసి రావాలంటే అయిదు నిమిషాలు పట్టేది. వాడే వెళ్లిపోతాడులే అనుకున్నాను. మేనేజర్‌తో "వచ్చేస్తున్నా సార్" అన్నాను.

వెనక్కి చూడలేదు.

ఇందులో దర్జీ లేడు, నా భార్య లేదు, నా కూతురు లేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు అరిచాను. చేయని తప్పు నెత్తినేసుకుని పిల్ల ఇల్లు నిలబెట్టింది. చెప్పాల్సినవాణ్ణి నేను ఇంకో కాగితం మీద సంతకం పెట్టి దాన్ని దోషిని చేశాను. నాకు నా మీద అసహ్యంగా ఉంది. దొర మీద బెంగగా ఉంది. వాడు పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు, విచారణలో తీరిక లేక. ఇవాళ ఏడ్చాను.

మార్చి 22, ఆదివారం

పొద్దున్నే నర్సుగారింటికెళ్లాను. తొమ్మిదో ప్రశ్న ఎదుట "నా వల్ల" అని రాసిచ్చాను. చదివింది. శుక్రవారం నాచేత రాయించుకున్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకయ్యా చెబుతున్నావ్? ఇంటికెళ్లి చెప్పు. సాయంత్రం పిల్లని తెస్తాను. నువ్వు చెప్పలేదనుకో, బుట్ట దించకుండానే తిరిగెళ్లిపోతా."

'బాబూ', 'మీరు' రెండూ పోయి 'నువ్వు' అయ్యాను. నాకు సరిపోయిన మాటే అది.

ముందు మా ఆవిడకి చెప్పాను, వంటింట్లో, నిలబడే. మొత్తం చెప్పాను, మొరుగుతో సహా. ఆవిడకి గేటు సంగతి ముందే తెలుసు, మొరుగు సంగతి తెలియదు. సింకు అంచు పట్టుకుని తల వంచుకుంది. "గేటుకి కాదు నాకు కోపం. ఎవరైనా మర్చిపోతారు. పిల్ల చేత సంతకం పెట్టించుకున్నారు చూడండి, దానికి నేనేం చేయాలో నాకింకా తెలియట్లేదు" అంది. నాకూ తెలియదన్నాను.

తర్వాత అమ్మాయి దగ్గరికెళ్లాను. మంచం మీద కూర్చుంది. నేను నేలమీద కూర్చున్నాను. గేటు నేనే వేయలేదని, నువ్వు తీయలేదని నాకు తెలుసని చెప్పాను. అది సంతకం పెట్టిన వాంగ్మూలం, నేను సంతకం పెట్టిన షరతు కాగితం రెండూ దాని ముందే చింపాను.

గోళ్లు చూసుకుంటూ అంది:

"నేను చూశాను నాన్నా. కిటికీలోంచి. నువ్వు వేయకుండా వెళ్లావు. జడ సగంలో ఉంది. పూర్తయ్యాక వెళ్లి వేద్దామనుకున్నాను. రిబ్బను కనబడలేదు. వెతుక్కున్నాను. అందుకే, నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు."

నలభై ఆరు రోజులు. ఇంత చిన్న పిల్ల ఆ రిబ్బనుని మోసుకుంటూ బడికెళ్లి వచ్చింది. నేను అడగలేదు, ఎందుకంటే నాకు కావాల్సింది నిజం కాదు, సంతకం.

"అది నీ పని కాదమ్మా. నా పని. నువ్వు రిబ్బను వెతుక్కోవాల్సిన వయసులో రిబ్బను వెతుక్కున్నావు."

ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోతే రాలేదు. కళ్లు తుడుచుకుని నన్ను తిన్నగా చూసింది. నా కూతురే కదా, అడగాల్సిందే అడిగింది.

"నా చేత సంతకం పెట్టించుకున్నప్పుడు కూడా నీకు తెలుసా?"

మర్చిపోయాననొచ్చు. అప్పుడు గుర్తు రాలేదనొచ్చు. ఇరవై రెండేళ్లలో అలాంటి జవాబులు వందల్లో రాసుకున్నాను, ఒక్కొక్కటీ నాలుక చివరికొచ్చింది.

"తెలుసు" అన్నాను.

లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడలేదు. పెద్దవాళ్లకి కోపమొస్తే ఎలా తీర్చాలో నాకు కొంచెం తెలుసు. పదేళ్ల మనిషికి నిజంగా కోపమొస్తే ఏం చేయాలో తెలియదు.

సాయంత్రం నర్సుగారొచ్చింది. గుమ్మంలోనే నా మొహమూ మా ఆవిడ మొహమూ చూసి, ఏమీ అడక్కుండా బుట్ట దించింది. అమ్మాయి నా వైపు చూడకుండా వంగి రెండు చేతులతో పిల్లని ఎత్తుకుంది. అనుమతి అడగలేదు. అడిగి ఉంటే తట్టుకోలేకపోయేవాణ్ణి.

ఇప్పుడు పక్క గదిలో తల్లీకూతుళ్లు దానికి పేరు వెతుకుతున్నారు. నన్ను పిలవలేదు. పిలవాలని కూడా లేదు వాళ్లకి. ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. ఎన్నాళ్లు పడుతుందో, అసలు ఎప్పటికైనా...

పిలుస్తోంది.

"నాన్నా! ఇది నా మంచమంతా తడిపేసింది, తొందరగా రా!"

పిలిచింది నన్నే. వెళ్తున్నాను.